నా ముఖం ఖరీదు

నేను ఒక తేమ కొలిచే యంత్రాన్ని. ఆ మాట వినగానే మీరు మొహం చిట్లించారు, చూశాను. ఏ సెల్‌ఫోనో, టీవీయో తన కథ చెప్పుకుంటే చెవులు రిక్కిస్తారు గానీ, వడ్లలో తడి ఎంతుందో చెప్పే డబ్బాకు కూడా ఒక ఆత్మకథా అని మీ అనుమానం. ఉండండి మరి. మీరు రోజూ తినే అన్నం ఏదో ఒకరోజు నాలాంటి వాళ్ల నోట్లో పడే వచ్చింది. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటిందా, ఆ వడ్లు కాంటా ఎక్కవు. దాటలేదా, రైతు ఆ పూటే ఇంటికి పోయి నిమ్మళంగా నిద్రపోతాడు. గుప్పెడు గింజలు మింగి ఒక అంకె చెప్పడమే నా పని. మింగినవన్నీ మళ్లీ కక్కేయాలి. ఇన్నేళ్లలో ఒక్క గింజ అరిగించుకున్న పాపాన పోలేదు.

నేను పుట్టింది హైదరాబాదులో, చెర్లపల్లి పారిశ్రామికవాడలో, ఒక రేకుల షెడ్డులో. ఆ షెడ్డు చింతకింది విమలది. అంతకుముందు ఆమె ఒక పెద్ద కంపెనీలో కొలత పరికరాలు పరీక్షించే పని చేసేది. ఆ కంపెనీ మూతపడితే, తనతో పాటు రోడ్డున పడ్డ ఆడవాళ్లను కూడగట్టుకుని ఈ షెడ్డు పెట్టింది. వాళ్లలో సుగుణ అనే ఆమె చేయి తిరిగిన మనిషి. నా నరాలన్నీ అతికింది ఆమే. టంకం పెడుతూ పక్కనామెతో కోడలి ముచ్చట్లు చెప్పేది. నా లోపలి తీగల్లో ఆ ముచ్చట్లు ఇప్పటికీ ఉన్నాయేమోనని నాకు అనుమానం.

ఒక సంగతి దాచను. నా ఒంట్లో సగం పరాయిది. డబ్బా జీడిమెట్లలో పోతపోశారు, గింజలు పోసే గిన్నె బాలానగర్‌లో తిప్పారు, అంతవరకూ సొంతమే. కానీ తడిని పసిగట్టే బిళ్ల, లెక్క కట్టే చిప్పు, వీటన్నిటికన్నా ముఖ్యంగా నా ముఖం, అంటే అంకెలు చూపించే రంగుల తెర, సముద్రం దాటి విమానంలో వచ్చాయి. అబ్బో, ఆ తెర ఎంత అందంగా ఉండేదో! నీలం రంగు మీద తెల్లటి అంకెలు. బటన్ నొక్కగానే చిన్న వరికంకి బొమ్మ ఊగేది. షెడ్డులో అందరూ నన్ను చూసి మురిసిపోయారు. నేనూ కాస్త ఎక్కువే మురిశాను లెండి.

నన్ను చూడ్డానికి మొదట వచ్చింది కరీంనగర్ వైపు నర్సక్కపేట నుంచి రాజవ్వ. ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద ఆమె. బస్సు దిగి, చెప్పులు షెడ్డు బయట విడిచి, నన్ను రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. తర్వాత తన గోడు వెళ్లబోసుకుంది.

"పోయిన వానకాలం వడ్లు తారు రోడ్డు మీద ఆరబోసిన బిడ్డా. పంటి కింద ఏసి కొరికి చూసిన. టక్కుమన్నది. ఎండినయనుకొని ట్రాక్టర్ కిరాయి కట్టుకొని సెంటర్‌కు కొంటవోయిన. ఆడ మిషన్ల పోస్తే పంతొమ్మిది చూపెట్టింది. వాపస్ తెచ్చుడా, ఆడనే ఆరవోసుడా? ఆడనే పోసిన. వాన గొట్టింది. మొలకలొచ్చినయి."

ఇంత చెప్పి ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ ప్రాంతంలో అందరిదీ ఇదే పద్ధతి. పళ్లే వాళ్ల యంత్రం. ఇంటి దగ్గరే సరిగ్గా కొలుచుకునే వీలుంటే ట్రాక్టర్ కిరాయి, తిప్పలు, వాన భయం తప్పుతాయని సంఘం ఆలోచన. ధర ఎనిమిది వేలు దాటకపోతే తమ సంఘమే కాదు, మండలంలో సంఘాలన్నీ తీసుకుంటాయని రాజవ్వ చెప్పింది.

విమల ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఎనిమిది వేలకు ఇస్త అవ్వా. యాసంగి కోతలకు నీ చేతిల పెడత. ఇది నా మాట" అంది. మాటంటే ఉత్తుత్తి మాట కాదు. ఆ ఆర్డరు దక్కితే షెడ్డు నిలుస్తుంది, దక్కకపోతే తాళం పడుతుంది. ఆ సంగతి సుగుణకు తెలుసు, నాకూ తెలుసు.

మిగతా యంత్రాలకు కావలసిన తెరలూ బిళ్లలూ శంషాబాద్‌లో విమానం దిగిన వారమే దయాకర్ ఫోన్ చేశాడు. బయటి నుంచి వచ్చే సరుకును కస్టమ్స్ నుంచి విడిపించి పెట్టే మనిషి అతను.

"మేడమ్, తెరల మీద డ్యూటీ పెంచిండ్రు. మీ సరుకు పాత రేటుకు రాదు."

"నేను ఆర్డరు నిరుడే పెట్టిన గదన్నా!"

"మనం ఎప్పుడు ఆర్డరు పెట్టినమో వాళ్లకు పని లేదు మేడమ్. కాగితాలు దాఖలు చేసిన నాటి రేటే రేటు."

విమల ఫోను బల్ల మీద పెట్టి, కాగితం తీసి లెక్కలు వేయడం మొదలుపెట్టింది.

సుంకం పెరిగితే ఎంత పెరుగుతుందిలే, వందో రెండొందలో అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది ఇడ్లీ పిండిలా పొంగే సరుకు. తెర ధరకు సుంకం కలుస్తుంది. ఆ కలిసిన మొత్తం మీద ఇంకో పన్ను కట్టాలి. అది తర్వాత సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా చేతిలో ఆడాల్సిన డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. అప్పు తెస్తే వడ్డీ. అమ్మిపెట్టే దుకాణాదారు తన కమీషన్ శాతంలో తీసుకుంటాడు గనక, నా ధర పెరిగితే అతని వాటా కూడా దానంతటదే పెరుగుతుంది. ఇలా ప్రతి చేతిలో కాస్త కాస్త ఉబ్బి, తెర మీద పడ్డ భారం రైతు దగ్గరికి చేరేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. చివరికి విమల లెక్కలో నేను తొమ్మిదివేల నాలుగువందలు తేలాను. ఏమీ చేయకుండా, ఉన్నచోట ఉండి ధర పెంచుకున్న ఘనత నాది.

ఇంతకన్నా కడుపుమంట కలిగించే సంగతి ఇంకోటుంది. మొత్తం బిగించేసిన యంత్రం బయటి నుంచి వస్తే దాని మీద సుంకం తక్కువ. భాగాలుగా వస్తే ఎక్కువ. అంటే విప్పి తెస్తే శిక్ష, బిగించి తెస్తే బహుమానం! రాణిగంజ్ దుకాణాల్లో అలాంటి విదేశీ యంత్రం ఎనిమిదిన్నర వేలకే దొరుకుతోంది. సుంకం వేసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని నేననను. తెరలు మన దేశంలోనే తయారు కావాలని వాళ్ల కోరిక. మంచి కోరికే. కాకపోతే తెరల ఫ్యాక్టరీ లేచేదాకా వరిచేలు ఆగవు.

దయాకర్ మంచివాడే. తనకు తోచిన ఉపాయం చెప్పాడు. "మేడమ్, ఎందుకీ తిప్పలు? పూర్తి మిషనే తెప్పించుండ్రి. మీ పేరు స్టిక్కర్ కొట్టి అమ్ముండ్రి. మా పార్టీలు శానామంది గట్లనే చేస్తుండ్రు."

"మరి సుగుణక్క ఏం చేయాలె? స్టిక్కర్లు అంటించాల్నా?" అంది విమల. తిట్టలేదు, అరవలేదు. ఆ సాయంత్రం ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఈ నెల తర్వాత జీతాలు ఇవ్వగలనో లేదో తెలియదనీ, వేరే చోట పని దొరికితే చూసుకోమనీ చెప్పింది. ఎవరూ లేచి వెళ్లలేదు. సుగుణ మాత్రం, "టీ అన్న తాపిస్తవా, అది కూడ బందా?" అంది. అందరూ నవ్వారు, విమల కూడా.

మర్నాడు ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుని నా దగ్గరికొచ్చింది. నా ఒళ్లు జలదరించింది. నా ముఖం ఊడదీసింది! ఎంతో ముచ్చటపడ్డ ఆ నీలం తెరను దూదిలో చుట్టి పక్కన పెట్టేసింది. ఆ స్థానంలో రెండు చిన్న దీపాలు పెట్టింది. వడ్లు ఎండితే పచ్చ, ఎండకపోతే ఎరుపు. తెర పోతే ఖర్చు తగ్గింది, ధర మళ్లీ ఎనిమిది వేల లోపుకు దిగింది. తెలివంటే అది అని విమల మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ అవతారంలోనే నన్ను సంచిలో పెట్టుకుని నర్సక్కపేట తీసుకెళ్లింది. సంఘం ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. రాజవ్వ గుప్పెడు వడ్లు పోసింది. పచ్చ దీపం వెలిగింది. విమల గర్వంగా అందరి వైపూ చూసింది.

"గిదేందమ్మా, చౌరస్తల సిగ్నలు లెక్కున్నది" అంది రాజవ్వ. అందరూ పకపక నవ్వారు. "సెంటర్ల అంకె అడుగుతరు బిడ్డా. పచ్చగ ఎలిగింది సారూ అంటే నన్ను పిచ్చిదాన్నంటరు. పద్దెనిమిది మీదుంటే ఒక తీరు, పంతొమ్మిది మీదుంటే ఇంకో తీరు. ఇంకో పూట ఎండవెట్టాల్నో, రెండు దినాలు ఎండవెట్టాల్నో ఎట్ల ఎరుకైతది? తక్కెడ ముల్లు లెక్క కండ్లకు కనవడాలె. ఎటు ఒరుగుతుందో, ఎంత ఒరుగుతుందో మాకు సూడరావాలె. లోపటేదో లెక్క ఏసి దీపం పెడితే మేమెట్ల నమ్ముతం?"

విమల మొహం పాలిపోయింది. తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సిద్దిపేట దాటాక ఉన్నట్టుండి, "ముల్లు!" అని పైకే అంది. పక్కసీటాయన ఆమె కాలికి ముల్లు గుచ్చుకుందేమోనని కింద వెతికాడు పాపం.

కుషాయిగూడలో ఖలీల్ సాబ్ అనే పెద్దాయన ముల్లు మీటర్లు చేస్తాడు. ఒకప్పుడు ఆయన మీటర్లు లేని స్టెబిలైజర్ ఉండేది కాదు. అందరూ అంకెల తెరల వైపు పోయాక, బ్యాటరీ చార్జర్లకు నాలుగు మీటర్లు చేసుకుంటూ కాలం గడుపుతున్నాడు. విమల నన్ను ఆయన బల్ల మీద పెట్టి అడగ్గానే కళ్లద్దాలు సర్దుకుని నా కడుపులోకి తొంగిచూశాడు.

"అయితది మేడమ్, మస్తుగైతది. తీగ చుట్టుడు, ముల్లు నిలవెట్టుడు, అంకెలు అచ్చేసుడు అంతా ఈడనే. ఒక్కటి ముందే జెప్తున్నా, లోపల అయస్కాంతం మాత్రం బయటిదే. దానికి డ్యూటీ ఉన్నది. కానీ సైజు చూడుండ్రి" అని చిటికెనవేలి గోరు చూపించాడు.

విమలకు నవ్వొచ్చింది. గోరంత దానికి గోరంత సుంకం. తెరతో పాటు దానికోసం పెట్టిన పెద్ద బ్యాటరీ, చార్జింగ్ పలక కూడా అక్కర్లేకుండా పోయాయి. పెన్సిల్ సెల్లులతో పని నడుస్తుంది. అన్నీ కలిపి చూస్తే ఎనిమిది వేలకు ఇవ్వొచ్చు, షెడ్డుకు నాలుగు రాళ్లు మిగులుతాయి కూడా.

అలా నాకు మూడో ముఖం వచ్చింది. తెల్లటి పలక, నల్లటి ముల్లు, పదిహేడు దగ్గర ఎర్ర గీత. అద్దంలో చూసుకునే వీలుంటే ఏడ్చేవాణ్ణేమో. నిగనిగలాడే తెర నుంచి ఈ తాతల కాలం ముల్లుకు దిగజారానని నా బాధ. మనుషుల్ని వెక్కిరిస్తాను గానీ, అందం విషయంలో నేనూ వాళ్లకేమీ తీసిపోను.

యాసంగి కోతలు మొదలయ్యాక విమల, నేను మళ్లీ నర్సక్కపేట వెళ్లాం. రాజవ్వ వడ్లు రోడ్డు పొడవునా పసుపుగా పరుచుకుని ఉన్నాయి. పడమర మబ్బు పడుతోంది. ట్రాక్టర్ అతను ఇంజను ఆపకుండానే కేకేశాడు. "అవ్వా, మొగులైతాంది! ఎక్కిద్దామా వద్దా? నాకు ఇంకో గిరాకి ఉన్నది."

రాజవ్వ రెండు గింజలు నోట్లో వేసుకుంది. టక్కుమంది. "ఎండినయి" అంది. తర్వాత ఎందుకైనా మంచిదని గుప్పెడు నాలో పోసింది. నా ముల్లు లేచి, ఎర్ర గీత దాటి, పంతొమ్మిది దగ్గర ఆగింది.

నా గుండె దడదడలాడింది. గుండె లేదు, తెలుసు, అయినా ఆడింది. నేను తప్పు చెప్పి, ఆమె నా మాట విని ఆగితే, ఈలోగా వాన పడితే? ఆమె పంట పోతుంది. నన్ను ఆ రోడ్డు పక్కన విసిరేస్తారు. విమల షెడ్డుకు తాళం పడుతుంది.

"అవ్వా, రోడ్డు వేడికి పైపొట్టు ఎండింది. గింజ లోపల ఇంకా పచ్చిగున్నది. అందుకే పళ్లకు తెలుస్త లేదు" అంది విమల.

రాజవ్వ మబ్బు వైపు చూసింది, నా వైపు చూసింది. మళ్లీ గుప్పెడు పోసింది, మళ్లీ ముల్లు అక్కడే ఆగింది. "కండ్లకు కనవడ్తాంది గదా, ఇగ ఎట్ల కాదందునే" అని ట్రాక్టర్ అతనికి చేయి ఊపింది. "నువ్వు నీ గిరాకికి పో, పొద్దుగూకేటాళ్లకు రా."

ఆ తర్వాత ఆ ఊరి ఆడవాళ్లు చేసిన పని చూడాల్సిందే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, వరుసగా వడ్లలో దిగి, కాళ్లు ఈడ్చుకుంటూ చాళ్లు చాళ్లుగా కలియబెట్టారు. కింద ఉన్న తడి గింజ పైకి, పైన ఎండిన గింజ కిందికి. సంఘంలో ఎవరి వడ్లు ఆరబోసినా అందరూ వచ్చి కాళ్లాడించడం అక్కడ అలవాటు. విమల కూడా దిగింది. ఆమె పాదాలు కాలి ఎగిరెగిరి పడుతుంటే, "పట్నం కాళ్లు!" అని ఏడిపించారు. మధ్య మధ్యలో రాజవ్వ నాలో గింజలు పోసి చూసేది. పద్దెనిమిదిన్నర. పద్దెనిమిది. ముల్లు దిగుతున్న కొద్దీ జనం పెరిగారు. క్రికెట్ స్కోరు అడిగినట్టు దూరం నుంచే "ఎంతైందే?" అని కేకలు. మబ్బు మా మీదికి రాకుండా గుట్టల వైపు తచ్చాడుతోంది. పొద్దు వాలే వేళకు ముల్లు ఎర్ర గీత తాకి, మెల్లగా ఇవతలికొచ్చి, పదహారున్నర మీద నిలబడింది.

ఎవరో ఈల వేశారు. అప్పుడు తెలిసింది నాకు, నా ముల్లు నా తెరకన్నా గొప్పదని. తెర మీద అంకె మారితే ఒక్కడే చూస్తాడు. ముల్లు కదిలితే ఊరు ఊరంతా చూస్తుంది.

ట్రాక్టర్ కేంద్రానికి చేరింది. అక్కడి యంత్రం కూడా పదహారున్నరే చెప్పింది. వడ్లు కాంటా ఎక్కాయి. చివరి బస్తా గోదాము రేకుల కిందికి చేరుతుండగా చినుకులు మొదలయ్యాయి. రాజవ్వ ఆ వానలో తడుస్తూ నిలబడి నవ్వింది. విమలను గట్టిగా కావలించుకుని, "నా పంట దక్కింది బిడ్డా" అంది. విమల ఏడ్చేసింది. నేను సంచిలో ఉన్నాను గనక నా సంగతి ఎవరూ చూడలేదు.

ఆ యాసంగిలోనే మండలంలోని సంఘాలన్నీ నా తమ్ముళ్లను తీసుకున్నాయి, ఎనిమిది వేలకే. షెడ్డుకు తాళం పడలేదు. ఖలీల్ సాబ్ దగ్గర తీగ చుట్టడానికి ఇద్దరు కొత్త అమ్మాయిలు చేరారు. సుంకం వేసినవాళ్లు ఇక్కడ పని పెరగాలనే కదా కోరుకున్నారు. పెరిగింది, వాళ్లనుకున్న తెరల ఫ్యాక్టరీలో కాదు, కుషాయిగూడ సందులో.

కొన్నేళ్లు గడిచాయి. గింజలు పోసీ పోసీ నా గిన్నె అరిగింది, ముల్లుకు కాస్త వణుకు వచ్చింది. కొత్తది కొనుక్కోమంటే రాజవ్వ వినలేదు. నన్ను సంచిలో వేసుకుని, బాగు చేయించడానికి చెర్లపల్లి తెచ్చింది. షెడ్డు ఇప్పుడు పక్క షెడ్డును కూడా కలుపుకుంది. బల్లల మీద నా తమ్ముళ్లు వరుసగా ఉన్నారు. వాళ్లు పక్క జిల్లా సంఘాలకు వెళ్లాల్సినవాళ్లు, అదే ధరకు.

రాజవ్వకు టీ గ్లాసు అందిస్తుండగా దయాకర్ ఫోన్ వచ్చింది. ఈసారి తడిని పసిగట్టే బిళ్ల మీద సుంకం పెరిగిందట. సుగుణ టంకం కడ్డీ పక్కన పెట్టింది.

"ధర పెరుగుతదా బిడ్డా?" అని రాజవ్వ అడిగింది. "పక్క జిల్లా ఆడోళ్లు పైసలు జమ చేసుకొని ఎదురుచూస్తుండ్రు."

విమల కుర్చీ ముందుకు లాక్కుని, నన్ను దగ్గరికి తీసుకుని, డబ్బా వెనక మూత విప్పడం మొదలుపెట్టింది. "పెరగనియ్యను అవ్వా. సుగుణక్కా, ఇటు రా, లోపల ఏం మార్చొచ్చో చూద్దాం."

పోయినసారి ఆమె నన్ను విప్పినప్పుడు వణికిపోయాను. ఈసారి నాకు ఏ భయమూ వేయలేదు. కానివ్వు తల్లీ, నా కడుపులో మార్చదగినవి ఇంకా చాలానే ఉన్నాయి.